కవరు పట్టిన చేతులూ, కట్టలిచ్చిన చేతులూ

"డబ్బు తీసుకున్నామని మమ్మల్ని ఆడిపోసుకుంటారు మేడమ్. మరి ఇచ్చినోళ్ళకి అదెక్కడిది?"

2024 ఎన్నికల తర్వాతి మిరప కోతల్లో, పాత గుంటూరు జిల్లాలోని ఒక తోట గట్టుమీద, ప్రకాశం నుంచి వలస వచ్చిన ఒక కూలీ స్త్రీ నన్నడిగిన ప్రశ్న ఇది. చాలా సెమినార్లలో వినని ప్రశ్న.

పేదలు ఓటు అమ్ముకోవడం వల్లే ప్రజాస్వామ్యం చెడిపోయిందని తీర్పులిచ్చేవాళ్ళు మనలోనూ వున్నారు. చట్టం కూడా ఓటుకి డబ్బిచ్చినవాళ్ళతో పాటు పుచ్చుకున్నవాళ్ళనీ నేరస్తులనే అంటుంది. మిరపకాయలు కోసి మండే చేతులతో కవరందుకున్న స్త్రీకి ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. పార్టీలకు కోట్లు ఇచ్చినవాళ్ళ పేర్లను మాత్రం 2018 నుంచి ఎన్నికల బాండ్ల పథకం పేరుతో రాజ్యమే దాచిపెట్టింది. దాతల గోప్యతను కాపాడాలని సుప్రీంకోర్టులో వాదించింది. పొదుపు సంఘంలో అప్పు తీసుకున్న ప్రతి స్త్రీ బాకీనీ పదిమంది ముందు చదివి వినిపించే వూళ్ళు మనవి. మరి ఎవరి గోప్యత గురించి ఈ ఆరాటం?

2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. పార్టీలకు డబ్బెక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడం ఓటరు హక్కని చెప్పింది. వివరాలివ్వడానికి జూన్ దాకా గడువు కావాలన్న స్టేట్ బ్యాంకు కోరికను తోసిపుచ్చింది. మార్చిలో జాబితా బయటపడింది. 2019 ఏప్రిల్ తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ సుమారు 337 కోట్లు, తెలుగుదేశం సుమారు 218 కోట్లు, బీజేపీ 6,060 కోట్లు బాండ్ల ద్వారా పొందాయి. మన రాష్ట్రంలో ఒకరినొకరు తిట్టుకునే పార్టీలు రెండూ ఆ జాబితాలో వున్నాయి.

అయితే కోర్టు తీర్పుతోనే అంతా అయిపోయిందనుకోవడానికి లేదు. కోర్టు తలుపు తెరిచినప్పుడల్లా పాలకులు మూసిన చరిత్ర మనది. అభ్యర్థి కోసం పార్టీ పెట్టే ఖర్చును కూడా అతని లెక్కలోనే చూడాలని 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెబితే, ఆ నెలలోనే ఆర్డినెన్సు తెచ్చి ఆ తీర్పును వమ్ము చేశారు. అభ్యర్థులు తమ ఆస్తులు, నేర కేసులు వెల్లడించాలని 2002లో తీర్పు వస్తే, చట్టాన్ని సవరించి దాన్ని నీరుగార్చారు. 2003లో కోర్టు ఆ సవరణను కొట్టేయాల్సి వచ్చింది. 2024లో గుంటూరు లోక్‌సభ అభ్యర్థి పెమ్మసాని చంద్రశేఖర్ కుటుంబ ఆస్తులు సుమారు 5,700 కోట్లని మనకు తెలిసింది ఆ పోరాటం వల్లే. ఆస్తి వుండడం నేరం కాదు. కానీ లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకి 95 లక్షల పరిమితి పెట్టిన చట్టం, పార్టీ ఖర్చుకి ఏ పరిమితీ పెట్టలేదు. 20 వేలు మించని విరాళానికి దాత పేరు ఎన్నికల కమిషన్‌కు చెప్పనక్కర్లేదు.

ఇది స్త్రీల సమస్య ఎలా అవుతుందని అడగొచ్చు. చట్టసభల్లో మూడోవంతు సీట్లు స్త్రీలకని 2023లో రాజ్యాంగాన్ని సవరించారు. ఎన్నికలు డబ్బున్నవాళ్ళ ఆటగానే వుంటే ఆ సీట్లలో కూర్చునేది ఎవరి భార్యలు, ఎవరి కూతుళ్ళు? పత్తి చేలల్లో కూలి రేటు గురించి అక్కడ మాట్లాడేదెవరు?

1992లో దూబగుంట స్త్రీలు సారా తాగే మగవాళ్ళను తిట్టి వూరుకోలేదు, సారా అమ్మించే వ్యవస్థనే నిలదీశారు. ఇప్పుడు మనం కవరు తీసుకున్న స్త్రీని కాక, కవరు వెనకున్న డబ్బును నిలదీయాలి. ప్రతి దాత పేరూ వెల్లడి కావాలి. పార్టీ ఖర్చుకి పరిమితి రావాలి. అభ్యర్థుల అఫిడవిట్లను సంఘం మీటింగుల్లో బిగ్గరగా చదవడం మనమే మొదలుపెడదాం.

ఆ గట్టుమీద అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు.