మళ్ళీ మూసేసిన తలుపు

1921లో ఫ్రిట్జ్ పొలార్డ్ అనే నల్లజాతి యువకుడు ఓహయోలోని ఏక్రన్ ప్రోస్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయ్యాడు. ఇవాళ ఎన్‌ఎఫ్‌ఎల్‌గా ప్రపంచమంతా చూస్తున్న లీగ్‌కు అది రెండో ఏడు. ఆ లీగ్‌లో మరో నల్లజాతి ప్రధాన కోచ్‌ను చూడటానికి 1989 దాకా ఆగాల్సి వచ్చింది. నడుమ 68 ఏళ్ళు.

పొలార్డ్ షికాగోలో 1894లో పుట్టాడు. ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు, బరువు 75 కిలోలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని చంకలో ఇరికించుకుని దూసుకెళ్ళేవాణ్ణి పడగొట్టడం ఆటలో భాగం. పడిపోయినవాడి మీద కావాలని ఎగబడి కుమ్మడం భాగం కాదు. పొలార్డ్‌కు జరిగింది అదే. అందుకే కింద పడీ పడగానే వెల్లకిలా తిరిగి, కాళ్ళు గాల్లోకి ఝాడించేవాడు. మీదికి దూకబోయినవాళ్ళకు బూట్లు ఎదురయ్యేవి. ఆట నేర్చుకోవడంతో పాటు ప్రాణం కాపాడుకోవడం కూడా నేర్చుకోవలసి వచ్చిన మనిషి అతను.

1916 జనవరి 1న బ్రౌన్ యూనివర్సిటీ తరఫున, కాలేజీ జట్లు తలపడే రోజ్ బౌల్ పోటీలో దిగాడు. అక్కడ ఆడిన తొలి నల్లజాతి క్రీడాకారుడు అతనే. 1920లో ఏక్రన్ ఒక్క ఆటా ఓడకుండా లీగ్ మొదటి టైటిల్ గెలిచింది. ఆ జట్టుకు ప్రాణం పొలార్డే. మరుసటి ఏడు ఆడుతూనే కోచింగ్ బాధ్యత కూడా మోశాడు. తర్వాతి రోజుల్లో గాయకుడిగా జగమెరిగిన పాల్ రోబ్సన్ కూడా అప్పుడు అతని జట్టులోనే ఆడాడు. అలాంటి ఆటగాడైనా, ఏక్రన్‌లో తొలిరోజుల్లో మిగతావాళ్ళతో కాకుండా జట్టు యజమాని సిగార్ల కొట్లో బట్టలు మార్చుకుని మైదానానికి వచ్చేవాణ్ణని తర్వాత పొలార్డే చెప్పుకున్నాడు.

నల్లవారిలో నాయకత్వానికి తగినవాళ్ళు దొరకలేదన్న మాట ఆ దేశంలో చాలాకాలం వినిపించింది. నేను ఒప్పుకోను. తగినవాడు లీగ్ పుట్టిన మరుసటి ఏడే దొరికాడు. లేనిది యజమానుల మనసు. 1934 నుంచి 1945 దాకా ఆ లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాణ్ణీ ఆడనివ్వలేదు. రాతపూర్వకమైన నిషేధమేదీ అక్కర్లేకపోయింది. ఆ రోజుల్లో పొలార్డ్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. న్యూయార్క్‌లో నల్లజాతి ఆటగాళ్ళ జట్టు బ్రౌన్ బాంబర్స్‌ను నడిపాడు.

1989లో ఆ రెండో నల్లజాతి ప్రధాన కోచ్‌గా ఆర్ట్ షెల్ రైడర్స్ జట్టు పగ్గాలు అందుకునేసరికి పొలార్డ్ కన్నుమూసి మూడేళ్ళయింది. ఏక్రన్‌కు పక్కనే ఉన్న కాంటన్‌లో, ఈ ఆటలో మేటివాళ్ళను గౌరవించే ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ తెరిచింది 1963లో. ఆ తర్వాత అతను ఇంకో 23 ఏళ్ళు బతికే ఉన్నాడు. అతనికి అందులో చోటిచ్చింది 2005లో.