గది బయట కూర్చోబెట్టిన అమ్మానాన్నలు

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక, ఒక్కచోట కుదురుగా ఉండలేని స్థితి) ఉన్న పిల్లల గురించి మన ఇళ్లలో రెండు మాటలు చెలామణీలో ఉన్నాయి. ఇదంతా పెంపకం లోపం, గారాబం చేసి చెడగొట్టారు, రెండు తగిలిస్తే కుదురుకుంటాడు అనేది పాత మాట. చదువుకున్నవాళ్లు చెప్పేది కొత్త మాట: ఇది మెదడుకు సంబంధించిన సమస్య, వైద్యం చేయాల్సింది పిల్లాడికి, మధ్యలో మాకు శిక్షణేమిటి? పైకి ఒకదానికొకటి ఎదురు మాటల్లా ఉన్నా రెండింటి అడుగునా ఉన్న నమ్మకం ఒక్కటే. ఎవరిని నేర్చుకోమంటే తప్పు వాళ్లదే అన్నట్టు! ఈ నమ్మకం పిల్లలకు చేస్తున్న చేటు అంతా ఇంతా కాదు.

పాత మాటకు జవాబు తేలిక. కవలల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు చూస్తే, ఈ లక్షణాల్లో మనిషికీ మనిషికీ కనిపించే తేడాలో 70 నుంచి 80 శాతం దాకా జన్యువుల వాటాయేనని తేలుతుంది. మందలింపు కరువై వచ్చేది కాదిది. ఆ సంగతి మన ఇళ్లలో పెద్దవాళ్లే తెలియకుండా చెబుతుంటారు. "మా వాడూ చిన్నప్పుడు ఇంతే, ఒక్కచోట కూర్చుంటేనా! ఇప్పుడు ఉద్యోగం చేసుకోవట్లేదూ?" అని నానమ్మ కొట్టిపారేస్తుంది. కోడలి పెంపకాన్ని తప్పుపట్టే ఆవిడే, కొడుకు ద్వారా మనవడికి ఏం వచ్చిందో చెప్పేస్తోంది. పిల్లాణ్ని చూసే డాక్టరు ముందు రాసుకోవాల్సిన వాక్యం అది.

కొత్త మాట ఇంతకంటే ప్రమాదం, ఎందుకంటే దాంట్లో సగం నిజముంది. సమస్య మెదడులోనిదే. అయితే ఆ మెదడు బతికేది ఎక్కడ? టైప్ 1 షుగరు వచ్చిన బిడ్డకు ఇన్సులిన్ ఎప్పుడివ్వాలో, ఎంతివ్వాలో అమ్మానాన్నలు ఆస్పత్రిలో కూర్చుని నేర్చుకుంటారు. మీవల్లే షుగరు వచ్చిందని వాళ్లను ఎవరూ అనరు, నేర్చుకోమన్నందుకు వాళ్లూ చిన్నబుచ్చుకోరు. ఏడీహెచ్‌డీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మీరూ కొన్ని నేర్చుకోవాలి" అనగానే ముఖాలు మాడిపోతాయి. తల్లి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. తండ్రి టైము చూసుకుంటాడు.

ఇంతకీ నేర్చుకోవాల్సింది ఏమిటి? సాయంత్రం ఏడు గంటలప్పుడు ఒక ఇల్లు చూడండి. వంటింట్లోంచి అమ్మ కేకేస్తుంది: "ఒరేయ్, టీవీ కట్టేసి, బూట్లు సర్ది, చేతులు కడుక్కుని పుస్తకాలు తియ్యి." ఒకే ఊపిరిలో నాలుగు పనులు, అదీ గోడ అవతలి నుంచి. అందులో వాడి చెవిన పడ్డదెంతో, పడ్డదాంట్లో గుర్తున్నదెంతో తెలియదు. రెండో కేక, మూడో కేక. వాడు గునుస్తాడు, అరుస్తాడు, పుస్తకం విసిరేస్తాడు. పొయ్యి మీద కూర మాడుతోంది, పక్కగదిలో చంటిది లేచింది. "సరే, పది నిమిషాలు చూసుకో" అని ఫోను చేతిలో పెడుతుంది. గోల ఆగిపోతుంది. గట్టిగా అరిస్తే పని తప్పుతుందని వాడు నేర్చుకున్నాడు, లొంగిపోతే ఇల్లు సద్దుమణుగుతుందని ఆమె నేర్చుకుంది. మర్నాడు నాన్న ఇంట్లో ఉంటాడు, ఫోనుకు బదులు చెంపదెబ్బ పడుతుంది. గోల మళ్లీ ఆగుతుంది, కొడితేనే వింటాడని ఆయన నేర్చుకుంటాడు. అమెరికాలోని ఒరెగాన్‌లో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఏళ్ల తరబడి కుటుంబాలను వాళ్ల ఇళ్లలోనే గమనించి, 1982లో పుస్తకంగా వివరించింది ఈ చక్రాన్నే. పిల్లాడూ పెద్దలూ ఒకరికొకరు తెలియకుండా తర్ఫీదు ఇచ్చుకుంటారు. అంటే శిక్షణ ఎలాగూ రోజూ జరుగుతూనే ఉంది. దాన్ని తెలిసి చేద్దామంటే అభ్యంతరం దేనికి?

తెలిసి చేస్తే అదే సాయంత్రం ఇలా ఉంటుంది. అమ్మ టీవీ దగ్గరికి వస్తుంది. భుజం మీద చెయ్యి వేస్తుంది. వాడు తలతిప్పి చూశాక "టీవీ కట్టెయ్" అంటుంది. అంతే, ఒక్క పని. మనసులో ఐదు లెక్కపెట్టుకుంటూ మాట్లాడకుండా నిలబడుతుంది. వాడు కట్టెయ్యగానే, అక్కడికక్కడే, "చెప్పగానే కట్టేశావు" అని మెచ్చుకుంటుంది. తర్వాత రెండో పని. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. రోజంతా ఆఫీసు చేసి, బస్సులో నిలబడి ఇంటికొచ్చిన మనిషి రోజూ ఇలా చేయగలగడం సాధన లేకుండా అయ్యేపని కాదు. అందుకే దీన్ని వారానికోసారి చొప్పున రెండు మూడు నెలలు నేర్పుతారు, ఇంటి దగ్గర చేసి రమ్మంటారు, మళ్లీ వారం ఏది కుదరలేదో అడుగుతారు. రోజుకు పదిహేను నిమిషాలు పిల్లాడు కోరిన ఆట ఆడమంటారు, ఆ కాసేపూ సలహాలు ఇవ్వకూడదు, తప్పులు దిద్దకూడదు. మనవాళ్లకు అన్నిటికంటే కష్టమయ్యేది ఇదే. పిల్లాడు ఏనుగు బొమ్మ వేస్తే స్పెల్లింగ్ అడగకుండా ఉండలేం.

"ఫస్ట్ ర్యాంక్ తెచ్చుకుంటే సైకిల్ కొనిస్తా" అనే మాట ఈ పిల్లల దగ్గర ఎందుకు పారదో కూడా పెద్దలకు తెలియాలి. ఎదురుచూడడం వాళ్లకు మిగతా పిల్లలకంటే చాలా కష్టం. దూరాన ఉన్న బహుమతి ఎంత పెద్దదైనా దగ్గర్లో ఉన్న చిన్నదాని ముందు నిలవదు. మార్చిలో వచ్చే సైకిలు జూలైలో హోంవర్క్ చేయించలేదు. లెక్క పూర్తికాగానే చార్టు మీద పడే నక్షత్రం, ఐదు నక్షత్రాలకు ఆ రాత్రే నాన్నతో ఒక ఆట, ఇవి చేయిస్తాయి. "మీ నాన్న రానీ, చెప్తా" అనే బెదిరింపు గతీ సైకిలు గతే.

ఇక్కడ ఎదుటివాళ్ల దగ్గర ఒక బలమైన వాదన ఉంది. దాన్ని దాటేయను. అమెరికా, కెనడాల్లో 579 మంది పిల్లల మీద 14 నెలలపాటు నడిచిన ఎంటీఏ పరిశోధన ఫలితాలు 1999లో వచ్చాయి. ఏకాగ్రత, నిలకడ విషయంలో జాగ్రత్తగా సరిచూస్తూ ఇచ్చిన మందులు ప్రవర్తన చికిత్సను మించాయి. 2013లో ఎడ్మండ్ సోనుగా-బార్క్ బృందం అనేక పరిశోధనలను కలిపి లెక్కిస్తే, శిక్షణ పొందిన తల్లిదండ్రుల అంచనాలను పక్కనపెట్టి, ఆ సంగతి తెలియనివాళ్ల అంచనాలే తీసుకున్నప్పుడు, అసలు లక్షణాలు తగ్గినట్టు గట్టి రుజువు దొరకలేదు. "చూశారా, మందు బిళ్ల వేస్తే చాలు" అంటారు. కానీ అవే లెక్కల తరువాతి భాగం చదవాలి. మరుసటి ఏడాది వచ్చిన విశ్లేషణలో, అదే కఠినమైన కొలతతో చూసినా, పిల్లల ఎదురుతిరుగుడు తగ్గింది, పెద్దల తీరు మెరుగైంది. ఎంటీఏలోనూ రెండూ కలిపి ఇచ్చిన పిల్లలకు తక్కువ మోతాదు మందుతో సరిపోయింది. వాళ్లలోనూ ఏ ఇళ్లలో కఠినమైన, పట్టు తప్పిన క్రమశిక్షణ బాగా తగ్గిందో ఆ పిల్లలే బళ్లో ఎక్కువ కుదుటపడ్డారు. ఏడీహెచ్‌డీ పిల్లాడి బతుకును నాశనం చేసేది హోంవర్క్‌లో తప్పులు కాదు. పదేళ్లపాటు ఇంటా బయటా తిట్లు తిని, నేను పనికిరానివాణ్నని వాడికి వాడే తీర్మానించుకోవడం. దానికి బిళ్ల లేదు. మందు అవసరమైన పిల్లాడికి మందు ఇవ్వాల్సిందే, ఇవ్వనని భీష్మించుకోవడం కూడా అన్యాయమే. బిళ్ల పనిచేసే గంటల్లో పిల్లాడు వినగలుగుతాడు. వినదగ్గ మాట చెప్పాల్సింది మనం.

చిన్నపిల్లల విషయంలోనైతే చర్చే లేదు. నాలుగు నుంచి ఆరేళ్లలోపు పిల్లలకు మొదటి చికిత్స తల్లిదండ్రుల శిక్షణేనని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019లో చెప్పింది. ఐదేళ్లలోపు పిల్లలకు అదే మాట బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2018లో చెప్పింది.

"అవన్నీ అక్కడి పద్ధతులు, మన కుటుంబాలకు సరిపడవు" అంటారు కొందరు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల ఇంటివాళ్లను అక్కడే ఉంచి వైద్యంలో భాగం చేశారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ అదే దశాబ్దంలో ఆ దారి పట్టింది. కుటుంబాన్ని వైద్యంలోకి తేవడం మనకు అరువు విద్య కాదు. మనం వదిలేసుకున్న విద్య.

వదిలేసి ఏం చేస్తున్నామో మన ఊళ్లలో ఏ థెరపీ సెంటరుకు వెళ్లినా తెలుస్తుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నలభై ఐదు నిమిషాలు పిల్లాణ్ని లోపలికి తీసుకెళ్తారు. తలుపు మూసుకుంటుంది. అమ్మ బయట ప్లాస్టిక్ కుర్చీలో ఫోను చూస్తూ కూర్చుంటుంది. వారంలోని 168 గంటల్లో రెండుంపావు గంటలు లోపల, మిగతావన్నీ బయట. లోపల పెగ్గులు గుచ్చడం, పూసలు ఎక్కించడం చేస్తాడు. బయట మళ్లీ అదే కేక, అదే ఫోను, అదే చెంపదెబ్బ.

ఇది కూడా కుదరకపోతే బంధువులు చెప్పే చివరి మందు హాస్టలు. తెల్లవారుజామున లేపి, రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే చోటికి, కూర్చోవడమే చేతకాని బిడ్డను పంపుతారు. బళ్లో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందని తెలిసీ, "రెండు దెబ్బలు వేసినా మేమేమీ అనం సార్" అని వార్డెనుకు చెప్పి వచ్చే తండ్రులున్నారు. వాడికి సాయపడగల ఇద్దరు మనుషులను వాడి నుంచి విడదీసి దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను.

ప్రభుత్వం చేయగలిగిందీ ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే సమస్యల్లో ఏడీహెచ్‌డీ ఉంది, అలాంటి పిల్లల కోసం జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల ఏర్పాటూ ఉంది. ఆ కేంద్రాల్లో తల్లిదండ్రుల బృందాలకు తెలుగులో, కూలి పోని వేళల్లో, ఈ శిక్షణ ఇవ్వడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. తర్ఫీదు పొందిన ఒక మనిషి, పది కుర్చీలు చాలు. ఆ కుర్చీల్లో నాన్నలు కూడా కూర్చోవాలి, వీలైతే నానమ్మలూ తాతయ్యలూ. అమ్మ ఒక్కతే నేర్చుకుని వస్తే ఇంట్లో రెండు చట్టాలు నడుస్తాయి, పిల్లాడు తనకు తేలికైన చట్టం ఎవరి దగ్గరుందో వారంలో కనిపెడతాడు. అప్పుడు "శిక్షణా లేదు, గిక్షణా లేదు" అనే మాట ఆ నాన్న నోటే వస్తుంది.

ప్రైవేటు సెంటర్లో నెలకు ఇన్ని సెషన్లని ప్యాకేజీ చెప్పినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: వీటిలో మా ఇద్దరికీ ఎన్ని? ఒక్కటీ లేదంటే ఫీజు కట్టకుండా లేచి రండి.