లవమూ హారమూ

కొన్ని మాటలకు పట్టే యోగం చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. ‘ఉద్గారం’ అనే మాటే తీసుకోండి. నిఘంటువులో త్రేనుపు, కక్కు అని అర్థాలు. అంతా భోజనానంతర వ్యవహారం! ఇవాళ ఆ మాటే ‘కర్బన ఉద్గారాలు’ అంటూ పత్రికల్లో గంభీరంగా తిరుగుతోంది. అయితే ఆ పేరు పెట్టినవారు గడుసువారే. బొగ్గు తిన్న కొలిమి త్రేనుస్తుంది. ఆ త్రేనుపు వందల ఏళ్లు ఆకాశాన్ని వదలదు.

మన దేశంలో ఆ బొగ్గు భోక్తల్లో పెద్దపీట ఎన్.టి.పి.సి.ది. 1975లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ. దేశంలో తయారయ్యే కరెంటులో సుమారు నాలుగో వంతు దాని చేతిదే. రామగుండంలో 1983లో దాని మొదటి యంత్రం తిరిగింది. ఇవాళ ఆ పాత కేంద్రం ఒక్కటే 2600 మెగావాట్లు. విశాఖ దగ్గరి సింహాద్రి మరో 2000.

ఇంత పొగను ఎవరు, ఏ తక్కెడలో తూస్తారని మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మిత్రుణ్ణి అడిగాను. “పొగను తూయడం ఎందుకండీ మాస్టారూ, బొగ్గును తూస్తే సరిపోయె!” అన్నాడాయన. 12 పాళ్ల కర్బనం గాలిలోని 32 పాళ్ల ప్రాణవాయువును కలుపుకుని 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువు అవుతుందట. మన బొగ్గులో బూడిద ఎక్కువ. అయినా టన్ను కాలిస్తే టన్నున్నర దాకా ఆ వాయువు పైకి పోతుంది. అంటే ఇది కాకిలెక్క కాదన్నమాట. ఎంత బొగ్గు, ఏ రకం బొగ్గు అని తెలిస్తే ఎవరైనా సరిచూడవచ్చు.

షేర్ మార్కెట్లో పెద్దవైన 1000 కంపెనీలు ఏటా ఈ లెక్క ప్రకటించాలని సెబీ 2022-23 నుంచి నిర్బంధం చేసింది. వాటిలో మరీ పెద్దవాటి లెక్కను బయటివారు పరీక్షించి సంతకం పెట్టాలన్న నియమం 2023-24 నుంచి వచ్చింది. చాలా మంచి పని.

అయితే ఆ పట్టికలో పొగను రెండు విధాలుగా చూపిస్తారు. ఒకటి మొత్తం. రెండోది, ఆ మొత్తాన్ని కంపెనీ సంపాదించిన రూపాయలతోనో, తయారుచేసిన కరెంటు యూనిట్లతోనో భాగించగా వచ్చేది. చిన్నప్పుడు మనకు లెక్కల మాస్టారు నేర్పిన లవం, హారం గుర్తున్నాయా? పైన పొగ లవం, కింద రూపాయి హారం. కరెంటు ధర పెరిగిందనుకోండి, హారం పెరుగుతుంది. ఒక్క బొగ్గుపెళ్ల తగ్గకుండానే ‘రూపాయికి పొగ’ తగ్గిపోతుంది!

ఒక గృహస్థు ఉన్నాడనుకుందాం. నిరుడు జీతం నలభై వేలు, రోజుకు అయిదు సిగరెట్లు. ఈ ఏడు జీతం అరవై వేలు, సిగరెట్లు ఆరు. “చూశావటే, పదివేల జీతానికి ఒకటింబావు కాల్చేవాణ్ణి, ఇప్పుడు ఒకటే!” అని ఆయన భార్యతో అంటే, ఆ ఇల్లాలు ఏమంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఊపిరితిత్తులకు జీతం సంగతి తెలియదు. ఆకాశానికి హారం సంగతీ తెలియదు.

దేశం మొత్తం లెక్కను కేంద్ర విద్యుత్ అథారిటీ ప్రకటిస్తూ ఉంటుంది. కరెంటు తయారీ వల్ల 2014-15లో సుమారు 80 కోట్ల టన్నుల వాయువు వెలువడగా, 2021-22లో సుమారు 100 కోట్ల టన్నులు. ఆ మధ్యకాలంలోనే యూనిట్‌కు పొగ తగ్గింది. రెండూ నిజాలే. ఎండతో, గాలితో చేసే కరెంటు పెరిగింది గనుక యూనిట్‌కు తగ్గింది. అది మెచ్చుకోవలసిందే. కాని ఇల్లలకగానే పండగ కాదు.

మొత్తం ఎందుకు పెరిగింది? బుడ్డిదీపం పెట్టుకున్న ఇళ్లలో బల్బు వెలిగింది. ఆ వెలుగును తప్పుపట్టే హక్కు మనకెక్కడిది? ఫ్యాన్లున్న ఇళ్లలో ఏసీలూ వచ్చాయి. యూనిట్‌కు 700 గ్రాములకు కాస్త పైనే అంటోంది ఆ అథారిటీ. నెలకు 200 యూనిట్లు వాడే సంసారం పేర 140 కిలోలకు పైమాటే. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ నిప్పు రాజేయమని పురమాయించిన వాళ్లలో మనమూ ఉన్నాం.

అందుకే ‘పొగ తగ్గింది’ అని ఏ పత్రికలో చదివినా ఒక్క ప్రశ్న వేసుకోండి: తగ్గింది మొత్తమా, భాగహార ఫలమా? హారం వేసుకున్న లెక్క ముచ్చటగానే ఉంటుంది. కాని ఒంటి బరువు చూడాలంటే నగలు తీసే తూయాలి కదా!