మిర్గీ తహ్‌ఖీక్‌కి కూడా చందా వేద్దాం

మన ఇళ్లల్లో ఎవరికైనా మిర్గీ దౌరా వస్తే ముందు చేతిలో ఇనుప తాళంచెవి పెడతారు. చెప్పు వాసన చూపిస్తారు, ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెడతారు. వీటిలో ఏదీ దౌరాను ఆపదు. మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ కుక్కకుండా, తెలివి వచ్చేదాకా పక్కన కూర్చోవడమే చేయాల్సిన పని. ఆ తర్వాత ఆమిల్ సాబ్, తావీజు. ఎప్పటికో న్యూరాలజిస్టు, స్కాను, నెలనెలా గోలీలు.

ఇంత ఖర్చు పెట్టే మనం, ఈ మర్జ్ ఎందుకొస్తోంది, దీనికి ఇంతకంటే మంచి ఇలాజ్ ఉందా అని వెతికేవాళ్ల మీద ఏమైనా పెడుతున్నామా? జర్నలిస్టుగా చాలా కమిటీల, ట్రస్టుల చందా జాబితాలు చూశాను. మద్రసాకి, ఫీజులకి, ఆస్పత్రి బిల్లులకి, యతీం పిల్ల షాదీకి, కఫన్‌కి ఇస్తారు. అల్లాహ్ ఖుబూల్ చేయాలి. తహ్‌ఖీక్ అనే పద్దు మాత్రం నాకెక్కడా కనబడలేదు. ఆ పద్దు ఉండాలి, అందులో మొదటి హక్కు నౌజవాన్ పరిశోధకులది అన్నదే నా మాట.

ఈ బీమారీ చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మిర్గీ ఉన్నవాళ్లు దాదాపు 5 కోట్ల మంది. వాళ్లలో 80 శాతం దాకా మనలాంటి పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు. సరైన దవా సరిగ్గా అందితే 70 శాతం దాకా దౌరాలు లేకుండా బతకొచ్చు. మరి మిగిలిన 30 శాతం? రెండు మూడు రకాల మందులు మార్చినా వాళ్లకి దౌరాలు ఆగవు. ఇక కారణం సంగతి చూస్తే, సుమారు సగం మందిలో అదేమిటో ఇప్పటికీ తెలియదు.

తెలిసినదైనా ఎవరి మెహనత్‌తో తెలిసింది? గార్డినాల్ గోలీ మనలో చాలామంది చూసినదే. దాని అసలు పేరు ఫినోబార్బిటాల్. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అనే 30 ఏళ్ల జూనియర్ డాక్టరు మిర్గీ మరీజుల వార్డు దగ్గరే ఉండేవాడు. రాత్రిళ్లు దౌరాలతో వాళ్లకీ నిద్ర లేదు, ఆయనకీ లేదు. కొత్తగా వచ్చిన నిద్రమందు ఇచ్చి చూస్తే దౌరాలే తగ్గాయి, రాత్రే కాదు పగలు కూడా. నూరేళ్లు దాటినా పేదవాడి మిర్గీ దవా ఇప్పటికీ అదే.

రెండోది వాల్‌ప్రోయేట్. 1962లో ఫ్రాన్సులో పియెర్ ఎమార్ అనే రీసెర్చ్ స్టూడెంట్, తను పరీక్షిస్తున్న మందులను కరిగించడానికి దాన్ని వాడాడు. ఏ మందు కలిపినా దౌరాలు ఆగుతున్నాయి. అసలు గుణం మందుల్లో లేదు, వాటిని కరిగించిన ద్రవంలోనే ఉందని అప్పుడు బయటపడింది.

ఇవన్నీ ఇత్తెఫాక్ కదా అనొచ్చు. కావచ్చు. కానీ ఆ ఇత్తెఫాక్ జరిగినప్పుడు వార్డులో, ల్యాబులో ఒక కుర్రవాడు ఉన్నాడు. అతనికి టైమ్ ఉంది, తలకు మించిన కమిటీ పనులు లేవు, ఇదేమిటి ఇలా ఉంది అని లెక్క రాసుకునే ఓపిక ఉంది. చందా అడుగుతున్నది ఆ టైమ్ కోసం, ఆ ఓపిక కోసం.

తహ్‌ఖీక్ బయటి దేశాలవాళ్లు చేస్తారు, మనం దవా కొనుక్కుంటే చాలు అనే ఖయాల్ కూడా తప్పే. మన జబ్బుల జవాబులు కొన్ని ఇక్కడే వెతకాలి. ఒకప్పుడు మన దేశంలో దౌరాలతో వచ్చినవాళ్ల స్కానులో చిన్న మచ్చ కనబడితే టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగించేవారు. 1980ల చివర్లో వేలూరు సీఎంసీలో డాక్టర్ వేదాంతం రాజశేఖర్, ఆయన సాథీలు ఆ మచ్చలను తీసి పరీక్షిస్తే, చాలావాటిలో కనబడింది టేప్‌వార్మ్ అనే పురుగు పిల్ల. తర్వాత వేలూరు ప్రాంతంలో చేసిన సర్వేలో దౌరాలు వస్తున్నవాళ్లలో దాదాపు మూడో వంతుకి అదే కారణమని తేలింది.

ఇది పంది పురుగు, ఖింజీర్ ముట్టని మనకేం భయం అనుకోకండి. ఆ మాంసం తిన్నవాడి కడుపులో పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మలం ద్వారా బయటికొచ్చి, నీళ్ల మీద, కూరగాయల మీద, కడగని చేతుల మీద ఎవరి నోట్లోకైనా వెళ్తాయి. మెదడులోకి చేరి మిర్గీ తెచ్చేది ఆ గుడ్లలోంచి వచ్చే పురుగు పిల్లలే. బస్తీలో మోరీ పొంగితే మతం చూసి పొంగదు.

మన ఇళ్లల్లోంచి లేచే సవాళ్లు ఇంకా ఉన్నాయి. రోజా ఉండే మరీజుకి ఏ దవా, ఏ వేళకి, ఎంత మోతాదులో ఇస్తే దౌరా రాదు? వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకి నుఖ్‌సాన్ చేస్తుంది కాబట్టి, షాదీ కావలసిన అమ్మాయికి ఏది మార్చాలి, ఎప్పుడు మార్చాలి? మన మొహల్లాల్లో తిరిగిన పరిశోధకుడికి తట్టినంత తొందరగా ఇవి దూరంగా ఉన్నవాడికి తట్టవు.

ఆ పరిశోధకుడి హాల్ ఏమిటి? దేశం మొత్తం పరిశోధన మీద పెట్టేది జీడీపీలో 0.64 శాతం. 2023లో పెంచాక కూడా కేంద్ర జేఆర్‌ఎఫ్ నెలకి 37,000 రూపాయలు. పీహెచ్‌డీ అయ్యాక కష్టం ఇంకా పెద్దది. సొంత ల్యాబ్ ఉండదు, గ్రాంట్ అడిగితే ఇంతకుముందు ఏం చేశావని అడుగుతారు. ఇంట్లో వయసు మీరుతోందంటారు. డాక్టరైతే కార్పొరేట్ ఆస్పత్రి పిలుస్తుంది. సవాల్ అక్కడే ఆగిపోతుంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్ వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ మన హైదరాబాద్‌లోనే ఉండి ఇలాంటి యువ పరిశోధకులకు ఫెలోషిప్‌లు ఇచ్చింది. కానీ అది అన్ని జబ్బులకీ కలిపి. మిర్గీ వంతు ఎంతని?

అమెరికాలో సూసన్ ఆక్సెల్‌రాడ్ అనే తల్లి, తన కూతురి దౌరాలు చూసి చూసి, తనలాంటి మాబాప్‌లతో కలిసి 1998లో 'క్యూర్' అనే సంస్థ పెట్టింది. ఆ సంస్థ కొత్తగా రంగంలోకి వచ్చిన పరిశోధకుల కోసమే విడిగా 'టేకింగ్ ఫ్లైట్' అనే గ్రాంట్ నడుపుతోంది. సర్కార్ కోసం ఆగకుండా ఇల్లిల్లూ కలిసి చేసిన పని అది.

గోలీ కొనలేని గరీబు ఉండగా పరిశోధన ఎందుకు అని ఒక భాయ్ నన్ను అడిగాడు. సవాల్ సరైనదే. గోలీ డబ్బు ఆపమని నేననను. కానీ గోలీ వేసుకున్నా దౌరా ఆగని పిల్లాడి అమ్మీకి ఏం జవాబిస్తాం? గోలీ దొరికినా ఆరు నెలలకే ఎందుకు మానేస్తున్నారు అన్నదీ తహ్‌ఖీక్ చేయాల్సిన విషయమే.

చేయగలిగినవి చెప్తాను. స్కాలర్‌షిప్‌లిచ్చే ట్రస్టులు మెడికల్, ఇంజినీరింగ్ సీట్ల పక్కన మెదడు జబ్బుల మీద పీహెచ్‌డీ చేసే ఒక్కరికైనా చోటివ్వాలి. జకాత్ ఎంతవరకు వర్తిస్తుందో ముఫ్తీ సాబ్‌ని అడగండి. సదఖా, లిల్లాహ్ రఖమ్‌కి ఆ చిక్కు ఉండదు. ఒకరి దవా ఖర్చు ఆ నెలకి సరిపోతుంది. తేలిన ఇల్మ్ తరతరాలకి పనిచేస్తుంది, సదఖా ఎ జారియా అంటే మరేమిటి?

డబ్బు లేనివాళ్లు ఇవ్వగలిగింది ఇంకోటుంది. పరిశోధకుడు వచ్చి అడిగినప్పుడు, అన్నీ తెలుసుకుని, ఇష్టమైతే తమ ఇంటి మర్జ్ గురించి దాచకుండా చెప్పడం. రిష్తా చెడిపోతుందని మనం దాచేకొద్దీ లెక్కల్లో మన పిల్లలు లేకుండా పోతారు. మిర్గీ ఉన్న ఒక బీబీ రసూలుల్లాహ్ (స) దగ్గరికి వచ్చి తన తక్లీఫ్ చెప్పుకున్న సంగతి సహీ బుఖారీలో ఉంది. ఆమె దాచుకోలేదు, ఆమెను ఎవరూ తరమలేదు. మనమెందుకు షరమ్ పడాలి?