అరుగు బడి, మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు

మా ప్రాజెక్టు ఆబ్‌స్ట్రాక్ట్‌లో ఒక లైను నేనే రాశాను: టీచరు లేని పల్లెల్లో కూడా పాఠం ఆగకుండా చూడటం మా లక్ష్యం అని. ఒక ట్యాబు, అందులో రికార్డు చేసిన పాఠాలు, నెట్ లేకపోయినా నడిచే చిన్న సర్వరు. దసరా సెలవులకు నంద్యాలలో దిగి, ఆళ్లగడ్డ బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో మా జేజి ఊరికి పోయినప్పుడు ఆమెకు ఆ లైను గొప్పగా చదివి వినిపించా. "అయ్యవారు లేకపోతే అది బడి ఎట్లయితాది రా?" అనింది. అప్పుడు నవ్వేశాను గానీ ఆ మాట వదల్లేదు. తిరిగొచ్చాక ల్యాబ్ పని పక్కన పెట్టి పాత రిపోర్టులు చదవడం మొదలుపెట్టా.

1822 జూన్‌లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, మీ జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు, లెక్క పంపండి అని కలెక్టర్లందరినీ అడిగాడు. నంద్యాల, ఆళ్లగడ్డ ఈ లెక్కలో లేవు. 1839 దాకా మన వైపు కర్నూలు నవాబు చేతిలో ఉండేది మరి. పక్కనున్న బళ్లారి జిల్లా లెక్క మాత్రం ఉంది. ఇప్పటి అనంతపురం, ఆదోని వైపంతా అప్పుడు అందులోదే. 1823లో రిపోర్టు పంపిన కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ అంతకుముందే తెలుగు వ్యాకరణం రాసినవాడు కాబట్టి విషయం తెలిసిన మనిషే.

తెల్లవాడు రాకముందు ఊరూరా అందరూ చదువుకున్నవాళ్లే అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవాళ్లు ఈ అంకెలు చూడాలి. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. పిల్లలు 6,641. అంటే వెయ్యి మందికి సుమారు ఏడుగురే. అందులో ఆడపిల్లలు 60 మంది. అట్లని చదువంతా ఇంగ్లీషోళ్లే తెచ్చారనేవాళ్లకూ ఈ రిపోర్టు నచ్చదు. సర్కారు ప్రమేయం లేకుండా, ఊళ్లు తమంతట తాము నడుపుకున్న బడులవి.

బడికి గది ఉండేది కాదు. ఎవరింటి అరుగో, గుడి మండపమో, చెట్టు నీడో. ఇసుకలోనో బియ్యంలోనో వేలితో దిద్దడం, తర్వాత పలక, తాటాకు. పొద్దున్నే మొదట వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా పెంచుకుంటూ పోవడమే. మన తొమ్మిది గంటల ల్యాబుకు ఈ పద్ధతి పెడితే సగం బ్యాచ్ ఆస్పత్రిలో ఉంటుంది. అల్లరి ఎక్కువైతే కోదండం: రెండు చేతులూ తాడుకు కట్టి పైకి లాగడం. వీధిబడిని తలుచుకుని మురిసిపోయేవాళ్లు ఈ తాడును మర్చిపోతారు.

అయ్యవారి సంపాదన గురించి మన్రో 1826లో రాశాడు. పిల్లాడికి నెలకు నాలుగు నుంచి ఎనిమిది అణాలు, అన్నీ కలిపినా ఆరేడు రూపాయలు దాటదు. దసరాకు పిల్లల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగితే పిల్లలకు పప్పు బెల్లాలు, ఆయనకు నాలుగు డబ్బులు. అడుక్కోవడంలా అనిపిస్తుంది కదా? కానీ ఊరు తిండి పెడితేనే ఆయనకు బతుకు, కాబట్టి ఆయన ఊళ్లోనే ఉండేవాడు. తాలూకాల్లో నెలకు తొమ్మిది రూపాయల జీతంతో తాసీల్దారీ బడులు పెట్టాలని మన్రో ప్లాన్ వేశాడు. మరుసటి ఏడే పత్తికొండలో కలరాతో పోయాడు. ఆ బడులూ ఎక్కువ కాలం నిలవలేదు.

ఆ అరుగు ఎక్కనివ్వని పిల్లల సంగతి వేరు. చాగలమర్రి దగ్గర ముత్యాలపాడులో ఎస్పీజీ మిషన్ వాళ్లు దిగి, మాల మాదిగ పల్లెల్లోనే బడులు పెట్టారు. వాళ్లొచ్చింది మతం కోసమే, అందులో దాపరికం లేదు. అయినా టీచరు ఆ పల్లెలోనే కాపురం ఉండటం అప్పటికి మామూలు సంగతి కాదు. నంద్యాలలో అట్లాంటి టీచర్లను తయారు చేసే శిక్షణ సంస్థ 1880ల నాటిది.

ఇదంతా చెప్తే జేజి తన కథ చెప్పింది. వాళ్ల ఊరి అయ్యవారు అక్కడే బాడుగకు ఉండేవాడంట. ఎవరింట్లో పాలు, ఎవరింట్లో జొన్నలు. ఆయన బదిలీ అయినాక వచ్చినాయన టౌన్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. వంక పారితే రాడు. తర్వాత పిల్లలే వంక దాటి పక్క ఊరికి పోవాల్సి వచ్చింది. వాళ్ల అన్న పోయినాడు. ఈమె మూడో తరగతితో ఆగిపోయింది. ఆమె ఇది చెప్తుంటే ఆ 60 నాకు అంకెలా అనిపించలేదు. దూరం పెరిగితే ముందు ఆగేది ఆడపిల్ల.

2022లో 117 జీవో వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులను పక్కనున్న హైస్కూళ్లలో కలిపినప్పుడు జేజి మళ్లీ అదే వంక గురించి మాట్లాడింది. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. మా ఊరి నుంచి పోయిన టీసీలు మాత్రం వెనక్కి రాలేదు. ఇప్పుడు బడిలో తొమ్మిది మంది.

నా రూమ్మేట్ వాదన వేరే. ఐదు తరగతులకు ఒక్కడే టీచరుంటే అది చదువే కాదంటాడు. నిజమే. 1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డ్ పెట్టినప్పుడే బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు అన్నారు. ఒక్కరు చాలరనడానికీ ఎవరూ అక్కర్లేదనడానికీ చాలా తేడా ఉంది. ఆ రెండోదాన్ని నేను ప్రాజెక్టు లక్ష్యంగా రాసుకున్నా. పల్లె బడికి ట్యాబులు కొనే డబ్బులో కొంత పెట్టి టీచరు ఉండటానికి రెండు గదుల ఇల్లు కట్టమని నేనైతే అడుగుతా. కరెంటు పోతే ట్యాబు ఆగుతుంది. ఊళ్లో కాపురమున్న టీచరు వంక పారినా బడి తెరుస్తాడు.

క్యాంప్‌బెల్‌కు బాగా నచ్చిందేమంటే, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పడం. ఆ పద్ధతినే ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసు నుంచి ఇంగ్లండుకు పట్టుకుపోయాడు. మేమూ ఇప్పుడు అదే చేస్తున్నాం. అయ్యవారు రెండో తరగతికి లెక్కలు చెప్తుంటే, నాలుగో తరగతి పిల్లలు జంటలుగా కూర్చుని చేసుకునే పనులు ట్యాబులో పెడుతున్నాం. పాత లైను కొట్టేసి "ఒక్క టీచరున్న బడికి చేదోడు" అని రాశా.

మొదటి రివ్యూలో ప్యానెల్ వాళ్లు అడిగిన ప్రశ్న ఒకటే: మరి టీచర్ అవసరం ఇంకా ఉంటే ఇందులో ఇన్నోవేషన్ ఏముంది? రెండో రివ్యూ సంక్రాంతి తర్వాత. ఈలోపు ఆ తొమ్మిది మంది పిల్లల దగ్గరికి పోయి, వాళ్ల అయ్యవారిని అడిగి, అప్పుడు జవాబు చెప్తాం.