ఎదురుకాళ్ల బిడ్డను తిప్పి చూడొద్దా?

నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టిన మనిషిని వెతికి తన్నించుకోవడం తెలుగు పల్లెల్లో పాత వైద్యం. ఇకమీదట అలాంటి మనుషులు దొరకరు. బిడ్డ తల కిందికి లేదని నెలలు నిండాక స్కానింగులో తేలితే చాలు, తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా పెద్దాపరేషన్‌కు ముహూర్తం చూసేస్తారు.

దీని వెనుక 2000లో లాన్సెట్‌లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. మేరీ హన్నా బృందం 26 దేశాల్లో 2 వేలకు పైగా గర్భిణులను పరిశీలించి, ఎదురుకాళ్ల బిడ్డకు మామూలు కాన్పు కంటే సిజేరియనే క్షేమమని తేల్చింది. సరే. కానీ కాన్పుకు ముందే బిడ్డను తిప్పొద్దని అందులో ఎక్కడా లేదు.

తొలిచూలు తల్లికి 36 వారాలు నిండాక బిడ్డను తిప్పే ప్రయత్నం చేయవచ్చు. గర్భసంచి వదులయ్యే మందిచ్చి, డాక్టర్ పొట్టమీద రెండు చేతులూ ఆనించి బిడ్డ పిరుదులను పైకి నెడుతూ, తలను పల్టీ కొట్టించినట్టు కిందికి తెస్తారు. ముందూ వెనకా గుండె చప్పుడు చూస్తారు. తొలిచూలులో పొట్ట కండరాలు బిగువుగా ఉంటాయి కాబట్టి పదిమందిలో నలుగురికే బిడ్డ తిరుగుతుంది. ఇదివరకే కన్నవాళ్లలో ఆరుగురికి.

నలుగురేనా అనొచ్చు. పదిమందికీ కోతే అనుకున్నచోట నలుగురు తక్కువా? పైగా మొదటి కోత తర్వాతి కాన్పులనూ వెంటాడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు.

ఇలా తిప్పడం అందరికీ పనికిరాదు. మాయ అడ్డంగా ఉన్నా, కవలలున్నా, రక్తస్రావమైనా చేయరు. సుమారు 200 మందిలో ఒకరికి వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. అందుకే థియేటర్ సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే చేయాలి, ఇంటి దగ్గర మంత్రసాని చేతుల్లో కాదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తొలికాన్పు పుట్టింట్లో. ఏడో నెలలో కాకపోతే తొమ్మిదో నెలలో ఆడపిల్లను తీసుకొస్తారు, ఆమెతో పాటు డాక్టరూ మారతారు. పాత డాక్టర్ ఏడో నెలలో చూసిన ఎదురుకాళ్లకు అర్థం లేదు, అప్పటికి ఐదుగురిలో ఒక బిడ్డ అలాగే ఉంటుంది, వాళ్లలో చాలామంది ఆ తర్వాత తామే తిరుగుతారు. అసలు చూడాల్సిన 36వ వారం ప్రయాణంలోనో, కొత్త ఆసుపత్రి క్యూలోనో గడిచిపోతుంది.

తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఇందుకోసం వారానికో రోజు కేటాయిస్తే, కుప్పం ఆశా కార్యకర్త కూడా 36వ వారంలో తల్లిని ఏ రోజు బస్సెక్కించాలో చెప్పగలదు.