కథ ముందుకెళ్లక వెనక్కెళ్లింది, సిరీస్ బతికింది

ఆ సీన్ రాగానే మా రూమ్మేట్ కంట్రోలర్ నా ఒళ్లో పడేసి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. నేను మాత్రం చిప్స్ తింటూ చూస్తూనే ఉన్నా.

గేమ్ పేరు 'యాకుజా 0'. అర్ధరాత్రి కొండదారిలో ఒక కారు ఆగుతుంది. అందులో కిర్యూ, నిషికియామా. ఒకే అనాథాశ్రమంలో అన్నదమ్ముల్లా పెరిగి, కలిసే గ్యాంగ్‌లో చేరిన ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. కిర్యూ కోసం గ్యాంగ్ మొత్తం వెతుకుతోంది. వాళ్ల చేతికి చిక్కితే చావు మామూలుగా ఉండదు. అంతకంటే తన చేత్తోనే తేలిగ్గా పంపించేద్దామని నిషికియామా తుపాకీ తీస్తాడు. చెయ్యి వణుకుతుంది. కాల్చలేక ఏడ్చేస్తాడు.

మంచి సీనే. కానీ బాల్కనీలోకి వెళ్లిపోయేంత ఏముంది అనుకున్నా.

తేడా ఒక్కటే. కథ ప్రకారం దీని తర్వాత వచ్చే గేమ్ 'యాకుజా కివామీ'ని వాడు ముందే ఆడేశాడు. నేను ఆడలేదు. మూడు నెలల తర్వాత నేనూ కివామీ మొదలుపెట్టా. ఆరంభంలోనే నిషికియామా ఒక హత్య చేస్తాడు. ఆ నేరం కిర్యూ తన మీద వేసుకుని పదేళ్లు జైలుకు పోతాడు. తిరిగొచ్చేసరికి ఆ కారులో ఏడ్చిన స్నేహితుడే శత్రువై ఎదురుగా నిలబడి ఉంటాడు. గేమ్ పాజ్ చేసి ఈసారి నేను బాల్కనీలోకి వెళ్లా. వెనక నుంచి మావాడి గొంతు: "ఇప్పుడు నీ వంతు వచ్చిందా!"

చావుకు దగ్గరైన ఒక క్రైమ్ సిరీస్‌ను ఒక ప్రీక్వెల్ ఎలా లేపి నిలబెట్టిందని ఎవరైనా అడిగితే, నాకు ముందు గుర్తొచ్చేది ఆ బాల్కనీయే.

కాస్త వెనక్కి వెళ్దాం. సెగా కంపెనీ 2005 డిసెంబర్‌లో జపాన్‌లో మొదటి యాకుజా గేమ్ విడుదల చేసింది. టోక్యోలోని కబుకిచో అనే రాత్రి బజారును చూసి, కమురోచో పేరుతో ఒక చిన్న పేట కట్టారు. వీధి రౌడీలు, బార్లు, నూడుల్స్ కొట్లు, మధ్యలో కొట్లాటలు. జపాన్‌లో హిట్. మరుసటి ఏడాది అమెరికా, యూరప్‌లకు పంపేటప్పుడు హాలీవుడ్ నటులతో ఇంగ్లిష్ డబ్బింగ్ చెప్పించారు. 'స్టార్ వార్స్' మార్క్ హామిల్ కూడా గొంతిచ్చాడు. అయినా ఆశించినంత అమ్ముడుపోలేదు.

అక్కడి నుంచి జపాన్ బయట ఈ సిరీస్‌ది సవతి బిడ్డ బతుకే. మూడో గేమ్‌ను అక్కడికి పంపేటప్పుడు హోస్టెస్ క్లబ్బులు, మాజాంగ్ లాంటి భాగాలు కత్తిరించేశారు. అభిమానులు మండిపడ్డారు. కొన్ని గేమ్‌లు అసలు బయటికే రాలేదు. ఐదో గేమ్ జపాన్‌లో 2012 డిసెంబర్‌లో వస్తే, ఇంగ్లిష్‌లో రావడానికి సరిగ్గా మూడేళ్లు పట్టింది. అప్పటికి పీఎస్4 వచ్చి రెండేళ్లు దాటింది. ఇదేమో పాత పీఎస్3 గేమ్. అదీ డిస్క్ లేకుండా, డౌన్‌లోడ్ మాత్రమే.

కథ సంగతి చూస్తే ఇంకో చిక్కు. నాలుగో గేమ్‌లో నలుగురు హీరోలు. ఐదో గేమ్‌లో ఐదుగురు. ఎవరు ఏ గ్యాంగ్, ఎవరు ఎవరికి ప్రమాణ సోదరుడు, ఎవరు ఎప్పుడు చచ్చారు, చచ్చినవాడు ఎలా బతికొచ్చాడు అని గుర్తుపెట్టుకోవడానికి నోట్‌బుక్ కావాలి. కొత్తగా ఆడదామనుకునేవాడు వెయ్యి ఎపిసోడ్లు దాటిన సీరియల్ ముందు కూర్చున్నట్టే. అమ్మమ్మ పక్కన కూర్చుని చెప్తే తప్ప అర్థం కాదు.

అలాంటి సమయంలో స్టూడియో వాళ్లు కథను ముందుకు లాగకుండా 1988 డిసెంబర్‌కు తీసుకెళ్లారు. 'యాకుజా 0' జపాన్‌లో 2015 మార్చిలో వచ్చింది. బయట 2017 జనవరిలో. హీరోలు ఇద్దరే. కమురోచోలో ఇరవై ఏళ్ల కిర్యూ, ఒసాకాలో ఇరవై నాలుగేళ్ల మజిమా. ముందు ఏం జరిగిందో తెలియాల్సిన పనిలేదు, ఎందుకంటే ముందు ఏ గేమూ లేదు! పేరులోనే సున్నా ఉంది. షాపులో ఆరేడు గేమ్‌లు కనిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో ఆ అంకె చూసి ఎవరైనా చెప్పేస్తారు.

సిరీస్ లేచింది ఇందుకే అని చాలామంది అంటారు. కొత్తవాళ్లకు తలుపు తెరుచుకుంది అని. నిజమే. కానీ తలుపు తెరిస్తే జనం తొంగిచూస్తారంతే. లోపల కూర్చోబెట్టడానికి ఇంకేదో ఉండాలి కదా.

మజిమానే తీసుకోండి. పాత గేమ్‌లలో వాడో పిచ్చోడు. ఒంటి కన్ను, పాముతోలు జాకెట్, చేతిలో కత్తి, కారణం లేని నవ్వు. అందరికీ ఇష్టమే గానీ మనిషిగా ఎవరూ పట్టించుకోని పాత్ర. 0లో వాడు మొదటిసారి కనిపించేది ఒక పెద్ద క్యాబరే క్లబ్ మేనేజర్‌గా. నల్ల కోటు, బో టై, దువ్విన జుట్టు. ఒక కస్టమర్ తాగి అమ్మాయిలతో గొడవ చేస్తుంటే, అతని మీద చెయ్యి ఎత్తకుండానే నవ్వుతూ, వంగి దండం పెడుతూ, నాట్యం చేసినట్టు తప్పించుకుంటూ, చివరికి వాడికే సిగ్గొచ్చేలా చేస్తాడు. హాలంతా చప్పట్లు. ఆ తర్వాతే మనకు తెలుస్తుంది, ఆ క్లబ్ వాడికి జైలని. చుట్టూ కాపలా మనుషులే. పాత గ్యాంగ్ కన్ను పీకి, ఏడాది చిత్రహింస పెట్టి, డబ్బు సంపాదించి పెట్టమని అక్కడ పడేసింది. బయటపడాలంటే ఒక హత్య చేయాలంటారు. ఆ చంపాల్సిన మనిషి, చూపు లేని ఒక అమ్మాయి అని తేలుతుంది.

అంత నిబ్బరంగా ఉన్నవాడు ఆ పిచ్చి నవ్వు దాకా ఎలా వెళ్లాడు? గేమ్ అంతా ఈ ప్రశ్న వెంటే నడుస్తుంది. పదేళ్లుగా జోకర్‌లా చూసిన పాత్రను అభిమానులు కొత్తగా చూశారు. కొత్తవాళ్లకు వాడే హీరో అయిపోయాడు. తర్వాతి గేమ్‌లలో వాడు నవ్వినప్పుడల్లా ఆ నవ్వు వెనక ఏముందో మనకు తెలుసు.

డబ్బు కూడా ఇలాగే. 1988 అంటే జపాన్‌లో భూముల ధరలు ఆకాశంలో ఉన్న కాలం. ఈ గేమ్‌లో రౌడీని గుద్దితే నోట్లు గాల్లో ఎగురుతాయి. కొత్త ఫైటింగ్ స్టయిల్ నేర్చుకోవాలన్నా డబ్బే పోయాలి. కథ మొత్తం ఒక చిన్న ఖాళీ జాగా కోసం. నాలుగడుగులు వేస్తే అయిపోయేంత స్థలం. అది దొరికితే కమురోచో మొత్తాన్ని తిరగరాసే ప్రాజెక్టు చేతికొస్తుంది. దాని కోసం గ్యాంగ్‌లో ముగ్గురు పెద్ద తలకాయలు ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటారు. గజం లెక్కన కోట్లు పలికే చోట బతుకుతున్న మన హైదరాబాద్ వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ బుడగ పగులుతుందని ఆడేవాడికి తెలుసు, పాత్రలకు తెలీదు. టోక్యో స్టాక్ మార్కెట్ సూచీ నిక్కీ 1989 డిసెంబర్ చివర్లో 38,915 దగ్గర ముగిసింది. ఆ అంకెను మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్పై నాలుగేళ్లు! గేమ్‌లో నోట్లు ఎగురుతుంటే నవ్వొస్తుంది గానీ, ఇదంతా ఇంకో ఏడాదే కదా అనే మాట మనసులో ఎక్కడో తిరుగుతూ ఉంటుంది.

స్నేహం పోతుంది, నిబ్బరం పోతుంది, డబ్బు పోతుంది. ఈ మూడూ పోయే ముందు రోజుల్ని స్టూడియో మనకు చూపించింది. ఆ రోజుల్లోనే కిర్యూ ఒక పిల్లాడి వీడియో గేమ్ ఎవడో లాక్కుంటే ఊరంతా తిరిగి తెచ్చిస్తాడు. కరోకే పాడతాడు, బొమ్మ కార్ల రేసులకు వెళ్తాడు. పోబోయేవాటి మీద ప్రేమ పుట్టాలంటే వాటితో ఇంత సరదాగా గడపాలి మరి.

మనకు ఇది కొత్తేం కాదు. కట్టప్ప బాహుబలిని చంపాడని 2015లోనే చూసేశాం. 2017లో రెండో భాగంలో వాళ్లిద్దరూ మామా అంటూ జోకులేసుకుంటుంటే పగలబడి నవ్వాం. ఆ నవ్వుల వల్లే కత్తి దిగినప్పుడు అంత నొప్పి. చివర తెలిసిపోతే కథలో ఏముంటుంది అనేవాళ్లకు నేనిచ్చే జవాబు అదే.

అన్ని ప్రీక్వెల్స్‌కూ ఇది చేతకాదు. చాలావాటిలో హీరోకి ఆ టోపీ ఎక్కడిది, ఆ మచ్చ ఎలా వచ్చింది అని లెక్క అప్పజెప్పడమే ఉంటుంది. అవి చూశాక మనకు సమాచారం పెరుగుతుంది, ప్రేమ పెరగదు. 0 చూశాక అసలు కథే మారిపోతుంది. స్టూడియోకీ ఆ సంగతి తెలుసు. అందుకే మొదటి గేమ్‌ను కివామీగా మళ్లీ తయారుచేసినప్పుడు, జైలు బయట ఆ పదేళ్లలో నిషికియామా ఎలా విరిగిపోయాడో చూపించే కొత్త సీన్లు కలిపారు.

ఫలితం తారీఖుల్లో కనిపిస్తుంది. ఐదో గేమ్ ఇంగ్లిష్‌లోకి రావడానికి మూడేళ్లు. ఆరో గేమ్‌కు పదహారు నెలలు. 2020 నాటి 'లైక్ ఎ డ్రాగన్'కు పది నెలలు. 2024 జనవరిలో 'ఇన్ఫినిట్ వెల్త్' ప్రపంచమంతా ఒకే రోజు దిగింది. 0 కూడా 2018లో పీసీకి, 2020లో ఎక్స్‌బాక్స్‌కు వచ్చింది. మా రూమ్‌లోని ల్యాప్‌టాప్ దాకా వచ్చింది అలాగే.

ఇక మీకు రావాల్సిన ప్రశ్న: ఏది ముందు ఆడాలి? నేను 0 అంటా, మావాడు కివామీ అంటాడు. ఇప్పటికీ తేల్లేదు. ముందు 0 ఆడితే స్నేహం చూసి తర్వాత దెబ్బ తింటారు. ముందు కివామీ ఆడితే దెబ్బ తిని, తర్వాత ఆ స్నేహం చూసి తల్లడిల్లుతారు. ఎటు తిరిగినా బాల్కనీ ఖాయం.

ఒక్క సలహా మాత్రం ఇస్తా. మొదటి రెండు గంటలు మాటలే ఎక్కువ, బోర్ కొట్టొచ్చు. మజిమా వచ్చేదాకా ఓపిక పట్టండి. పక్కన చిప్స్ ప్యాకెట్ పెట్టుకోండి. వీలైతే ఒక ఫ్రెండ్‌ని కూడా.